హైటెక్ సిటీలో ఒక పాస్టరమ్మగారు

గడచిన క్రిస్మసుకు ముందు మేము హైదరాబాదు వెళ్లి వచ్చాము. పట్నం చూడాలని కాదు. మా ప్రాంతంలో మొట్టమొదట సువార్త పని ప్రారంభించిన పాస్టరుగారి భార్య ఇప్పుడు అక్కడ మనవడి ఇంట్లో ఉంటున్నారు. ఆమెను మేమందరం 'పాత అమ్మగారు' అని పిలుచుకుంటాము. ఎనభై ఆరేళ్ల మనిషి. ఆమె దగ్గర కూర్చుని, ఆమె జీవితాన్ని ఆమె నోటనే విని, కాగితం మీద పెట్టుకుని రావాలని మా ప్రయాణం.

ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. ముందుగా అది ఒప్పుకోవాలి. 2010లో మా సంఘానికి స్వర్ణోత్సవం జరిగినప్పుడు ఒక చిన్న చరిత్ర పుస్తకం వేశాము. అప్పుడు మేము ఆ సంఘానికి కొత్తగా వచ్చిన పడుచు పాస్టరులం. రాసింది మేమే. పాత అయ్యగారిని గురించి పన్నెండు పేజీలు రాశాము. ఎన్ని ఊళ్లు తిరిగారో, ఎన్ని సైకిళ్లు అరగదొక్కారో, ఎక్కడ రాళ్ల దెబ్బలు తిన్నారో అన్నీ వచ్చాయి. అమ్మగారిని గురించి ఒకే ఒక్క వాక్యం: "వీరికి భార్య, నలుగురు పిల్లలు కలరు." పేరు కూడా లేదు. పుస్తకం ఆమె చేతికిచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివి, "బాగా రాశారు అయ్యగారూ" అన్నారు. ఆ మాట మమ్మల్ని ఇన్నేళ్లూ పొడుస్తూనే ఉన్నది. ఇప్పుడు ఆ పుస్తకం రెండోసారి అచ్చు వేయాలని సంఘపెద్దలు తీర్మానించారు. ఈసారి ఆ వాక్యాన్ని అలాగే వదలకూడదనుకున్నాము.

మేమూ, మా సహధర్మచారిణీ ఒంగోలులో రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సికింద్రాబాదులో దిగాము. అక్కడి నుండి మెట్రో రైలు. పల్లెటూరి పాఠకులకు చెప్పాలంటే, ఇది రోడ్డు మధ్యన స్తంభాలు నిలిపి, వాటి మీద వేసిన పట్టాల మీద నడిచే రైలు. ఇళ్ల మేడలూ, చెట్ల తలలూ కిటికీకి సమానంగా కనిపిస్తాయి. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ దాకా ఈ దారి 2019 మార్చి 20న తెరిచారు. అదే ఏడు నవంబరులో రాయదుర్గం దాకా పొడిగించారు. అమీర్‌పేట దాటినాక పెట్టె అంతా చిన్నవాళ్లే. మెడలో గుర్తింపు కార్డు, వీపున సంచి, చెవుల్లో తీగలు. ఎవరి ముఖం వారి ఫోనులో ఉన్నది. మాధాపూరు దాటిన తరువాత స్టేషను పేరు దుర్గం చెరువు. ఆ చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. రాత్రిపూట రంగు దీపాలు వెలుగుతాయట. మాకు మాత్రం ఆ నీటి అంచున ఇంకా మిగిలి ఉన్న నల్లరాతి బండలు నచ్చాయి. మేడలు ఎన్ని లేచినా ఇక్కడి అసలు కాపురస్థులు అవే.

హైదరాబాదు 1591లో కట్టిన ఊరు. సికింద్రాబాదు ఆంగ్లేయుల దండు దిగిన ఊరు. మూడోది ఈ సైబరాబాదు, మన కళ్లెదుట పుట్టినది. సైబర్ టవర్స్ అనే గుండ్రని పది అంతస్తుల భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అంతకు ముందు ఇక్కడ బండలు, తుప్పలు, సీతాఫలం చెట్లు, మేకలు. ఇప్పుడు మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా అద్దాల గోడలే. మా ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్ల నుండి వచ్చిన పిల్లలు ఇక్కడ వేలమంది ఉన్నారు. వర్షం మీద ఆశ పెట్టుకుని బతికిన ఇళ్లు ఎన్నో ఇప్పుడు ఈ అద్దాల మేడల జీతం మీద నిలబడ్డాయి. మా సంఘం చర్చికి పైకప్పు పడింది కూడా ఈ పిల్లలు పంపిన కానుకలతోనే.

అయితే ఒక సంగతి చూడకుండా దాటిపోలేకపోయాము. స్టేషను మెట్లు దిగినచోట మరో మేడ లేస్తున్నది. దాని మొదట్లో రేకుల గుడిసెలు. ఆడవాళ్లు పొయ్యి వెలిగించి అన్నం వండుతున్నారు. పసిబిడ్డ చీర ఉయ్యాలలో నిద్రపోతున్నది. పలకరిస్తే పాలమూరు వాళ్లమన్నారు. ఈ మేడ పూర్తయ్యాక లోపలికి వెళ్తారా అని అడిగాము. "మమ్మల్నెవరు రానిస్తరయ్యా" అని ఒకామె నవ్వింది. ఆ నవ్వు మాతో పాటు కొండాపూరు దాకా వచ్చింది.

మనవడి ఇల్లు తొమ్మిదో అంతస్తులో ఉన్నది. గేటు దగ్గర కాపలా మనిషి మా పేర్లు రాసుకుని, పైకి ఫోను చేసి, అనుమతి వచ్చాక గాని వదలలేదు. మా సహధర్మచారిణి లిఫ్టులో గోడ పట్టుకునే నిలబడ్డారు. తలుపు తీసింది అమ్మగారే. నడుము వంగింది గాని కంఠం తగ్గలేదు. "వందనాలు అయ్యగారూ. దా అమ్మాయ్, కాళ్లు కడుక్కోండి" అన్నారు. తరువాత తమలో తాము నవ్వుకుంటూ, "ఇక్కడ కాళ్లకు మట్టి అంటదు, ఐనా నోటికి అదే మాట వస్తుంది" అన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాల్కనీలో కూర్చున్నాము. ఆమె చెప్పారు, మేము రాసుకున్నాము.

1958లో ఆమె పెళ్లి. అప్పటికి అయ్యగారికి జీతం లేదు. సంఘం అనేది లేదు, జీతం ఎక్కడిది? వారానికి ఐదు రోజులు ఆయన ఊళ్ల మీద ఉండేవారు. ఆమె కూలికి వెళ్లేవారు. సాయంత్రం లాంతరు పెట్టి పిల్లలకు అక్షరాలు చెప్పేవారు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అలవాటు చేసింది ఆమె. పొయ్యి మీదకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేయడం, ఆదివారం దానిని కానుకగా తేవడం. మొదటి చర్చి మట్టిగోడలు ఆ బియ్యం అమ్మిన డబ్బుతో లేచాయి. మేము రాసిన పన్నెండు పేజీల్లో ఆ గోడలు అయ్యగారు కట్టినట్టు ఉన్నది. బియ్యం సంగతి లేదు.

"మీ పుట్టింటి సంగతి చెప్పండి అమ్మగారూ" అన్నాము.

"మా నాయన లంద పెట్టేవాడు. తంగేడు చెక్క కొట్టుకొచ్చి, తోళ్లు ఊరబెట్టి, కపిల బానలు కుట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు. ఊళ్లో పెద్దకాపులందరి కాళ్లకూ మా నాయన చెప్పులే. ఐనా ఆ వీధిలో మా నాయన తన చెప్పులు చేతబట్టుకుని నడవాల్సిందే. చెప్పులు కుట్టేవాడికి చెప్పులేసుకునే హక్కు లేదు, చూడండి అయ్యగారూ." ఆమె లోపలికి వెళ్లి పాత ట్రంకు పెట్టెలో నుండి ఒక గుడ్డ మూట తెచ్చారు. అందులో తండ్రి వాడిన ఆరె ఉన్నది. కొయ్యపిడి అరిగి నున్నగా మెరుస్తున్నది. పెళ్లయి వచ్చేనాడు ఆమె అడిగి తెచ్చుకున్నారట.

అప్పుడు మాకు వేదాంత పాఠశాలలో చదువుకున్న మరొక సేవకుని భార్య కథ జ్ఞాపకం వచ్చి ఆమెకు చెప్పాము. మా పాఠకులకు కూడా అది తెలియాలి.

ఒంగోలు క్లౌ దొరగారిని గురించి మన సంఘాల్లో విననివారు లేరు. జాన్ ఎవరెట్ క్లౌ గారు 1865లో భారతదేశానికి వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. పై కులాలవారు కొందరు, మాదిగవారిని చేర్చుకోకపోతే మేమే వస్తామన్నప్పుడు ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ గారు వేరొక గదిలో ప్రార్థించారట. ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ దొరికింది మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో, లోకం లెక్కచేయని వారిని దేవుడు ఏర్పరచుకోవడం గురించిన భాగమే. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ పనిలో సుమారు మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకుని, వేలమందికి కూలీ ఇచ్చి బతికించారు. అన్నం కోసం మతం అనే మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇదంతా అందరికీ తెలుసు. ఇంత వివరంగా ఎలా తెలిసింది అంటే, ఆయన భార్య రాసిపెట్టినందువల్ల. హారియెట్ గారు 1893లో చనిపోయారు. మరుసటి ఏడు క్లౌ గారు ఎమ్మా రౌషెన్‌బుష్ అనే ఆమెను వివాహం చేసుకున్నారు. ఈమె 1859లో పుట్టారు. తండ్రి ఆగస్ట్ రౌషెన్‌బుష్ జర్మనీ దేశస్థుడు. తరతరాలుగా లూథరన్ పాదిరుల వంశం. 1846లో అమెరికా వెళ్లి, అక్కడ బాప్టిస్టు అయి, రాచెస్టర్ పట్టణపు వేదాంత పాఠశాలలో జర్మను పిల్లలకు ఆచార్యుడయ్యాడు. పేరు గొప్పదే గాని ఆ ఇంట్లో తల్లిదండ్రుల మధ్య సఖ్యత ఉండేది కాదని చరిత్ర రాసినవారు చెబుతారు. పిల్లలు కొన్నేళ్లు తల్లితో జర్మనీలోనే పెరిగారు. అక్క ఫ్రీడా జర్మనీలో స్థిరపడింది. తమ్ముడు వాల్టర్ న్యూయార్కులో బీద కార్మికుల పేటలో పదకొండేళ్లు పాస్టరుగా ఉండి, సువార్తకు సమాజ న్యాయంతో పని ఉన్నదని లోకానికి చాటాడు. ఆయన 1907లో రాసిన పుస్తకం మార్టిన్ లూథర్ కింగ్ గారి మీద కూడా ప్రభావం చూపింది. ఒకప్పుడు ఆ వాల్టరే మన తెలుగు దేశంలోని వేదాంత పాఠశాలకు రావాలని కోరుకున్నాడు. పాత నిబంధన విషయంలో ఆయన అభిప్రాయాలు నచ్చక మిషను పెద్దలు పంపలేదు. వాల్టరుకు దొరకని తెలుగు దేశం అక్కకు దొరికింది.

ఎమ్మా గారు పెళ్లికి ముందే, 1882లో, ఇరవై మూడేళ్ల వయస్సులో తెలుగు మిషను పనికి వచ్చారు. తరువాత స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా పొందారు. ఆడవారి హక్కుల కోసం 1792లోనే పుస్తకం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పరిశోధన 1898లో అచ్చయింది. ఆ మరుసటి ఏడు, 1899లో, ఆమె ఇంకొక పుస్తకం వేశారు. దాని పేరుకు తెలుగు అర్థం 'చెప్పులు కుట్టుకుంటూ' అని. ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్దల నోట విన్న కథలు అవి. అరుంధతి కథ, మాతంగి సంగతి, రాజయోగ గురువుల వెంట సత్యం వెదుకుతూ తిరిగిన యర్రగుంట్ల పేరయ్య గారి సంగతి, ఆయన భార్య నాగమ్మ గారి సంగతి. ఆ ముసలివాళ్లు చెప్పకపోతే, ఈమె కూర్చుని వినకపోతే, అవన్నీ వారితోనే మట్టిలో కలిసిపోయి ఉండేవి.

1910లో రాచెస్టరులో క్లౌ గారు కన్నుమూశారు. విధవరాలైన నాలుగేళ్లకు, 1914లో, ఎమ్మా గారు ఆయన జీవిత కథను అచ్చు వేయించారు. కథ అంతా ఆయనే చెబుతున్నట్టు ఉంటుంది. మొదటి పేజీలో ఆయన పేరు ఉన్నది. దాని కింద, ఆయన తరఫున భార్య రాసినట్టుగా ఈమె పేరు ఉన్నది. ఆమె 1940 దాకా జీవించారు.

అమ్మగారు అంతా విని కొంచెంసేపు మాట్లాడలేదు. "ఆ దొరసానమ్మ తన కథ రాసుకోలేదా?" అని అడిగారు.

అది మేము చూసినట్టు లేదని చెప్పాము.

"మీరు చేసిన పనే ఆమె కూడా చేసిందన్నమాట" అన్నారు. మేము తల వంచుకున్నాము. మా సహధర్మచారిణి మాత్రం గట్టిగా నవ్వారు.

రాత్రి తొమ్మిదింటికి మనవడు వచ్చాడు. చక్కటి పిల్లవాడు. సంఘానికి ఎంతో సాయం చేసినవాడు. మేము రాసుకున్న కాగితాలు అడిగి చదివాడు. చదువుతుండగా ముఖం మారింది. తలుపు దగ్గరగా వేసి మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, ఒక మనవి. ఆ లంద సంగతి, చెప్పుల సంగతి రాయొద్దు. ఆఫీసులో ఎవరూ కులం అడగరు. కాని ఊరు ఏది, ఇంటిపేరు ఏది, తాతలు ఏం చేసేవారు అని చుట్టూ తిరిగి అడుగుతారు. పదిహేనేళ్లుగా దాటేస్తూ వస్తున్నాను. పుస్తకం ఎవరో ఒకరు ఫోటో తీసి ఫోనుల్లో పంపుతారు. రేపు మా పాపను బడిలో ఎవరైనా ఒక మాట అంటే?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. ఊరిలో రచ్చబండ దగ్గర జరిగేది ఈ అద్దాల మేడల్లో జరగదనుకున్నాము. జరుగుతుంది, ఇంగ్లీషులో జరుగుతుంది. సత్యం రాయండి అని చెప్పడం మాకు తేలిక. ఆ మాట మోయవలసింది ఆ పిల్లవాడు. వేదిక మీద నుండి ధైర్యం బోధించడం వేరు, తొమ్మిదో అంతస్తులో బిడ్డను పెంచడం వేరు.

అమ్మగారు గదిలో నుండి అంతా విన్నారు. గోడ పట్టుకుంటూ వచ్చి సోఫాలో కూర్చున్నారు. "నాయనా, మీ తాతయ్యకు నన్నిచ్చినప్పుడు మా నాయన రెండు జతల చెప్పులు కుట్టిచ్చాడు. ఆయన ఆ చెప్పులేసుకుని పెద్దవీధిలో నడిచాడు. మొదటిసారి కొట్టారు. రెండోసారీ కొట్టారు. మూడోసారి తిట్టి వదిలేశారు. ఆ తరువాత ఆ వీధిలోనే మీ నాన్న చెప్పులేసుకుని బడికి పోయాడు. నువ్వు బూట్లేసుకుని ఇక్కడికొచ్చావు. ఈ నడకంతా ఆ చెప్పుల్లోంచే వచ్చింది. అది సిగ్గుపడేదైతే, మరి గొప్పపడేది ఏముందిరా మనకు?"

మనవడు చాలాసేపు నేల చూస్తూ ఉన్నాడు. "నాకు తెలుసు నాయనమ్మా. నాకు సిగ్గు లేదు. భయం ఉంది" అన్నాడు.

ఆమె అతని తల నిమిరారు. "భయముంటే ఉండనీ. మీ తాతకూ ఉండేది. రాత్రిళ్లు నాతో చెప్పేవాడు, పొద్దున మళ్లీ పోయేవాడు." మా వైపు తిరిగి, "అయ్యగారూ, మా పేర్లు వద్దు, ఊరి పేరు వద్దు. బిడ్డ మనసు కష్టపెట్టొద్దు. కాని మా నాయన చేసిన పని మాత్రం తీసెయ్యొద్దు. అది తీసేస్తే నా కథ ఇంకేముంది?" అన్నారు.

అందువల్లనే ఈ వ్యాసంలో ఆ ఇంటివారి పేర్లు లేవు. ఈసారి మేము మరచిపోయి కాదు, ఆమె కోరినందువల్ల. మా సంఘ పుస్తకం విషయం పెద్దలతో మాట్లాడి, మనవడు సరేనన్న రోజున పేరుతో వేద్దామని అనుకున్నాము. తొందర లేదు. కాగితాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. పిడికెడు బియ్యం సంగతి మాత్రం ఇప్పుడే చేర్చాము.

మరునాడు బయలుదేరేటప్పుడు ఒకటి చూశాము. రెండో తరగతి చదివే మునిమనవరాలు తాతమ్మ ఒడిలో కూర్చుని, ఆ ఆరె పట్టుకుని, "ఇది ఏం చేస్తుంది తాతమ్మా?" అని అడుగుతున్నది. అమ్మగారు తెగిన బడిసంచి పట్టీని మోకాలి మీద పెట్టుకుని, దారం ఎక్కించి, కుట్టి చూపిస్తున్నారు. మనవడు ఆఫీసుకు తయారై గుమ్మంలో నిలబడి చూశాడు. వద్దనలేదు. "ఇంకో కుట్టు గట్టిగా వెయ్యి నాయనమ్మా, పుస్తకాలు బరువు" అన్నాడు.

ప్రియ పాఠకులారా, తిమోతికి పత్రిక రాస్తూ పౌలు అతని విశ్వాసాన్ని అవ్వ లోయి, తల్లి యునీకే పేర్లతో గుర్తు చేశాడు. ఆ ఇద్దరి పేర్లూ రాయడం మరచిపోలేదు. మీ సంఘంలో కూడా మొదటి సేవకుని భార్య ఒకరు ఉండే ఉంటారు. బతికి ఉంటే ఈ ఆదివారం వారి దగ్గర కూర్చోండి. పుట్టింటి సంగతి అడగండి, తండ్రి చేతిపని అడగండి, ఏ పూట పస్తు ఉన్నారో అడగండి. ఒక నోటు పుస్తకం తీసుకువెళ్లండి. లేకపోతే ఆ అమ్మను ఎరిగినవారు ఎవరైనా మిగిలి ఉన్నారేమో చూడండి.

తిరుగు ప్రయాణంలో మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఆ రేకుల గుడిసెల ముందు మళ్లీ ఆగాము. నిన్నటి ఆమె ఇటుకలు మోయడానికి తలకు చుట్ట పెట్టుకుంటున్నది. ఈసారి ఆమె పేరు అడిగాము. చెప్పింది. రాసుకున్నాము.